పట్టి ఉంచిన లైను

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆబిడ్స్‌లో వాన అందుకుంది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుని కూర్చున్న వాళ్ళు ఒక్కసారిగా లేచి, కేకలేసుకుంటూ నీలం పట్టాలు కప్పడం మొదలుపెట్టారు. ఇవాంజెలిన్ ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని, తడిసిపోతున్న ఎంట్రన్స్ గైడ్ల మధ్య నుంచి అడుగులు చూసుకుంటూ నడిచి, గన్‌ఫౌండ్రీ వైపు పోయే సందులోని పాత కాంప్లెక్సులోకి దూరింది.

మెట్ల దగ్గర స్టూలు మీద దుర్గయ్య కూర్చుని ఉన్నాడు. పదేళ్ళుగా ఆ భవనానికి వాచ్‌మన్ అతనే.

"ఆయితారం గూడ డ్యూటీయేనా అమ్మా?"

"ఒక్క పూటే దుర్గయ్యన్నా. ఐదింటికల్ల అయిపోతది."

మూడో అంతస్తులో వాళ్ళ ఆఫీసు. రెండే గదులు. యజమాని లక్ష్మణరావు, పని చేసేవాళ్ళు నలుగురు. ఐదు నెలల క్రితం వరకు ఐదుగురు. ఇవాంజెలిన్ తాళం తీసి, లైటు వేసి, తడి చున్నీ కుర్చీ మీద ఆరేసి తన సీట్లో కూర్చుంది. ఎదురుగా హెర్బర్ట్ అంకుల్ టేబులు. ఆయన పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పరీక్ష కోసం పెట్టుకున్న ఎనిమిది ఫోన్లు మాత్రం వరసగా అలాగే ఉన్నాయి.

వాళ్ళు చేసే పని బయటివాళ్ళకు చెబితే అర్థం కావడం కష్టం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిని నడిపే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దేశదేశాల వాళ్ళు కలిసి రాసి ఊరికే ఇచ్చేది. దాన్ని తెచ్చి, ఎవరైనా ఒక్క నొక్కుతో తమ సర్వర్‌లో పెట్టుకునేలా కట్టి, 'ఘంటిక' అనే పేరుతో బయటికి వదలడం లక్ష్మణరావు కంపెనీ పని. అలా కట్టేటప్పుడు అరవై దాకా ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి. ఈ సదుపాయం ఉండాలా, వద్దా? ఆన్‌లో పంపాలా, ఆఫ్‌లోనా? తీసుకున్నవాళ్ళు తర్వాత మార్చుకోవచ్చు. కానీ మార్చుకోరు. హాస్టళ్ళు, దవాఖానలు, బడులు, చిన్న ఆఫీసులు, నాలుగు వేల చోట్ల ఘంటిక నడుస్తోంది. నాలుగు వేల చోట్లా ఈ గదిలో ఎవరో నిర్ణయించినట్టే నడుస్తోంది.

"అండ్ల ఏముందో ఎవ్వరు తెరిచి చూడరు బిడ్డా," అనేవాడు హెర్బర్ట్. "వాళ్ళకు తెల్వకుండనే వాళ్ళ తరఫున మనం జవాబు చెప్తున్నం. భయపడుకుంట చెప్పాలె."

మెదక్ నుంచి వచ్చిన మనిషి. ఇవాంజెలిన్ ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క ప్రశ్న చదివించి, ఎందుకు ఆన్, ఎందుకు ఆఫ్ అని నోటితో చెప్పించేవాడు.

అందులో నలభై మూడో ప్రశ్న, లైను పట్టి ఉంచడం. అవతలివాళ్ళు ఫోన్ పెట్టేసినా, ఇవతలివాళ్ళు కూడా పెట్టేదాకా లైను తెగకుండా పట్టుకోవడమన్నమాట. హెర్బర్ట్ దాన్ని ఎప్పుడూ ఆఫ్‌లోనే పంపేవాడు. "ఒక్కరు రిసీవరు సక్కగ పెట్టకపోతే సాలు, లైను బందు. ఇంక ఎవరికీ కలవదు," అనేవాడు.

పోయిన డిసెంబరులో ఆయన పది రోజులు సెలవు పెట్టాడు. అప్పుడే కొత్త వెర్షన్ పోవాలి. ఒక పెద్ద కాల్‌సెంటర్ వాళ్ళు ఆ సదుపాయం కావాలని పట్టుబట్టారు. వాళ్ళ ఒక్కరికే వేరుగా కట్టి ఇవ్వొచ్చు. రెండు రోజుల పని. "అందరికీ ఆన్‌లో పెట్టేయమ్మా, ఏమైతది?" అన్నాడు లక్ష్మణరావు. క్రిస్మస్ ముందు రోజులు. ఇంటికి తొందరగా పోవాలని ఇవాంజెలిన్‌కూ ఉంది. ఆన్ చేసింది. హెర్బర్ట్ తిరిగి వచ్చాక చెబుదామనుకుంది. చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, నాంపల్లి స్టేషన్ వెనక సందులోని తన ఇంట్లో హెర్బర్ట్‌కు గుండెల్లో నొప్పి లేచింది. భార్య మాబెల్, దగ్గర్లోని ఒక చిన్న నర్సింగ్ హోంకు అంబులెన్స్ కోసం ఫోన్ చేసింది. కలవలేదు. చివరికి ఆటోలో తీసుకుపోతుంటే నాంపల్లి చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోయింది. ఆటోలోనే ప్రాణం పోయింది.

వారం తర్వాత, ఘంటికే వాడే ఆ నర్సింగ్ హోం నుంచి కంపెనీకి ఒక ఫిర్యాదు వచ్చింది. ఫలానా రోజు సాయంత్రం తమ ఫోను గంటన్నరసేపు బిజీ వచ్చిందట, చూడమని. ఇవాంజెలినే రికార్డు తెరిచింది. రిసెప్షన్‌లో ఉన్నది ఒక్కటే లైను. అక్కడి అమ్మాయి రిసీవరు వంకరగా పెట్టి లోపలికి పోయింది. లైను తెగకుండా ఉండిపోయింది. దాని కింద, ఆరుంబావుకు మొదలై, ఒకే నంబరు నుంచి పదకొండు కాల్స్. ప్రతిదాని పక్కనా బిజీ, బిజీ, బిజీ. ఆ నంబరు ఆమెకు నోటికి వచ్చు. ఏటా క్రిస్మస్‌కు తను హెర్బర్ట్ ఇంటికి ఫోన్ చేసే నంబరు.

జవాబు రాసింది. 'రిసీవరు సరిగ్గా పెట్టమని మీ సిబ్బందికి చెప్పగలరు.' అంతే రాసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఈ రోజు మళ్ళీ కొత్త వెర్షన్. సాయంత్రం ఐదింటికి దానంతటదే ఊళ్ళలోని సర్వర్లన్నిటికీ వెళ్ళిపోయేలా లక్ష్మణరావు ముందే ఏర్పాటు చేశాడు. జవాబుల ఫైలు సరిచూసి పెట్టే బాధ్యత ఇవాంజెలిన్‌ది. ఆదివారమే రావాలనుకున్నది ఆమె. ఒంటరిగా, ఎవరూ ఎందుకని అడగకుండా, నలభై మూడోది ఆఫ్ చేయాలనుకుంది.

ఫైలు తెరిచింది. ఆన్ చెరిపి, ఆఫ్ అని కొట్టింది. సేవ్ చేసింది. కట్టే పని మొదలుపెట్టింది. అది పూర్తవడానికి నలభై నిమిషాలు. ఊపిరి తేలికైనట్టనిపించి డబ్బా విప్పుకుని పులిహోర తింది.

మూడుంబావుకు పని పూర్తయింది. తయారైన ప్యాకేజీని విప్పి చూసింది.

నలభై మూడు. ఆన్.

సేవ్ చేయడం మరిచిపోయానేమో అనుకుంది. ఫైలు మళ్ళీ తెరిచింది. అక్కడా ఆన్. ఎవరు ఎప్పుడు మార్చారో పక్కన నమోదవుతుంది. మూడు గంటల రెండు నిమిషాలు. మార్చినవారు, ఇవాంజెలిన్. ఆ సమయానికి ఆమె చేతులు కడుక్కుంటోంది.

మళ్ళీ ఆఫ్ చేసింది. ఈసారి కదల్లేదు. తెర మీద ఆ వరస వైపే చూస్తూ కూర్చుంది. బయట మబ్బు బాగా కమ్మింది. కిటికీ అద్దం మీద వాన చారలు చారలుగా జారుతోంది. కింద రోడ్డు మీద హారన్ల మోత కూడా దూరం జరిగినట్టు పలుచబడింది. గదిలో మధ్యాహ్నానికి ఉండాల్సిన వెలుతురు లేదు. ఎక్కడి నుంచో, హెర్బర్ట్ రోజూ రాసుకునే నొప్పుల బామ్ వాసన వచ్చింది. ముందు కొంచెంగా... తర్వాత ఎవరో పక్కనే మూత తీసినంత ఘాటుగా.

హెర్బర్ట్ టేబుల్ మీద ఒక ఫోన్ మోగింది.

ఇవాంజెలిన్ తల తిప్పి చూసి మళ్ళీ తెర వైపు చూసింది. ఆ ఒక్క క్షణమే. ఆఫ్ అన్న మాట లేదు. ఆన్ అని ఉంది.

ఫోన్ మోగుతూనే ఉంది. ఎనిమిదింటిలో మూడోది. పరీక్ష ఫోన్లకు బయటి నుంచి కాల్ రాదు. రావడానికి దారే లేదు. లేచి వెళ్ళి ఎత్తింది.

"హలో?"

మాట లేదు. కానీ అవతల ఒక గది ఉంది. అది తెలుస్తోంది. ఫ్యాను టకటకమని తిరుగుతున్న చప్పుడు. దూరంగా రైలు కూత... స్టేషన్‌లో ప్రకటన... ఎవరో నంబరు నొక్కుతున్న చప్పుడు. తర్వాత బిజీ టోను.

ఒక ఆడగొంతు. మెల్లగా, వణుకుతూ.

"కలుస్తలేదండీ..."

మాబెల్ ఆంటీ గొంతు.

"మల్ల చెయ్యి," అంది ఒక మగగొంతు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఎగబీలుస్తోంది.

ఇవాంజెలిన్ చేతిలో రిసీవరు చల్లబడింది. మళ్ళీ నంబరు నొక్కిన చప్పుడు. బిజీ. మళ్ళీ. బిజీ.

"ఆంటీ!" అని అరిచింది. "ఆంటీ, నేను ఇవాంజెలిన్‌ను! వినబడుతుందా?"

వినబడలేదు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది. కుర్చీ జరిగింది. నీళ్ళ గ్లాసు దేనికో తగిలింది. ఆమె లెక్కపెట్టాలనుకోలేదు, కానీ లెక్క దానంతటదే సాగింది. ఆరు... ఏడు... ఎనిమిదోసారికి మాబెల్ ఏడుపు మొదలైంది.

"బిజీ ఎందుకొస్తుందండీ గింతసేపు?"

కాసేపు ఊపిరి చప్పుడు ఒక్కటే. తర్వాత హెర్బర్ట్ అన్నాడు, పని గురించి మాట్లాడేటప్పుడు ఎలా అంటాడో అలా, ఓపిగ్గా.

"లైను పట్టుకున్నది, మాబెల్... ఎవరో ఆన్ చేసిన్రు."

ఇవాంజెలిన్ టేబుల్ అంచు పట్టుకుంది. ఆయనకు తెలిసింది. ఆ నొప్పిలో, ఆ బిజీ టోను వింటూనే అర్థం చేసుకున్నాడు. ఐదు నెలలుగా ఆమె తనకు తాను చెప్పుకుంటున్నది ఒక్కటే, పాపం ఆయనకు ఏమీ తెలియకుండానే పోయాడని.

తొమ్మిది. పది. పదకొండు.

పదకొండుతో ఆగలేదు. నంబరు నొక్కిన చప్పుడు. ఈసారి బిజీ టోను రాలేదు. మాబెల్ గొంతు నేరుగా ఆమె చెవిలోనే పలికింది, ఎంత దగ్గరగా అంటే ఊపిరి తగిలినట్టు.

"హలో? హలో... దవాఖానా?"

"ఆంటీ! నేను ఇవాంజెలిన్‌ను ఆంటీ! అంబులెన్స్ పంపిస్తున్న! ఆటోల పోకండి, చౌరస్తల ఇరుక్కుంటరు! ఇంట్లనే ఉండండి, నేను పంపిస్తున్న!"

"హలో..."

"ఆంటీ!"

ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. గది పోయింది. చెవిలో ఏమీ లేదు. రిసీవరు పెట్టేసింది. ఫోను మీది లైటు మాత్రం వెలుగుతూనే ఉంది, ఎర్రగా. లైను తెగలేదన్న గుర్తు. పక్క ఫోను మీదా అదే ఎరుపు. దాని పక్కదాని మీదా. చూస్తుండగానే ఎనిమిదీ ఎర్రబడ్డాయి.

గడియారం చూసింది. పావు తక్కువ ఐదు. ఇంతసేపు ఎలా గడిచింది?

కుర్చీలో కూలబడి ఫైలు తెరిచింది. ఆఫ్ కొట్టింది. ఆన్ అయింది. ఆఫ్. ఆన్. ఆమె వేళ్ళు ఎత్తకముందే ఆన్. ఆ వరస మొత్తం చెరిపేసింది. తిరిగి వచ్చింది. ఫైలే తీసేయబోయింది. అనుమతి లేదంది. ఆ కంప్యూటర్‌లో అన్ని అనుమతులూ ఆమెవే. గోడ దగ్గరికి పోయి నెట్‌వర్క్ తీగ పీకేసింది. కానీ కట్టిన ప్యాకేజీ అప్పటికే పైకి ఎక్కి, ఐదింటి కోసం ఎక్కడో వేరే సర్వర్‌లో ఎదురుచూస్తోంది. దాన్ని ఆపగలిగినవాడు లక్ష్మణరావు ఒక్కడే. మొబైల్ తీసి చేసింది.

బిజీ.

మళ్ళీ చేసింది. బిజీ.

చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్లు దిగి పరుగెత్తింది. దుర్గయ్య ఉలిక్కిపడి లేచాడు.

"ఏందమ్మా? ఏమైంది?"

"నీ ఫోన్ ఇయ్యన్నా... జల్ది... సార్‌కి చెయ్యాలె."

అతను జేబులోంచి ఫోన్ తీసి, తానే నంబరు వెతికి చెవికి పెట్టుకున్నాడు. ఆమె అతని మొహం చూస్తూ నిలబడింది.

"బిజీ వస్తుందమ్మా."

"మల్ల చెయ్యి."

ఆ మాట అన్నాక తన నోరే తనకు భయమనిపించింది. దుర్గయ్య మూడుసార్లు చేశాడు. సార్ భార్యకు చేశాడు. బిజీ. ఎందుకో తన కొడుక్కి చేసి చూశాడు. అదీ బిజీ. ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "వానకు టవర్ పోయినట్టుంది. జర ఆగు తల్లీ, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ఆగడానికి టైం లేదు. అతన్ని చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చింది. ఒంటరిగా ఆ గదిలోకి మళ్ళీ అడుగు పెట్టలేకపోయింది. ఎనిమిది ఎర్ర లైట్లు చూపించింది. దుర్గయ్య ఒక రిసీవరు ఎత్తి విన్నాడు.

"గుయ్ గుయ్ అంటుంది. గంతే."

ఇవాంజెలిన్ హెర్బర్ట్ కుర్చీ ముందు నిలబడింది. దుర్గయ్య ఉన్నాడన్న సంగతి కూడా మరిచిపోయింది.

"అంకుల్... నేనే ఆన్ చేసిన. మీకు చెప్పలే. ఆంటీకి చెప్పలే. ఎవ్వరికీ చెప్పలే. దాన్ని ఆపనియ్యండి అంకుల్. ఇంకెవరికీ గిట్ల కావద్దు. మీ కాళ్ళు మొక్కుత, ఒక్కసారి ఆపనియ్యండి..."

బామ్ వాసన ఇప్పుడు లేదు. వాన చప్పుడు, దుర్గయ్య రిసీవరు మెల్లగా దించిన చప్పుడు.

ఐదయింది.

గోడ మీది తెరలో, ఘంటిక ఎన్ని చోట్ల దిగిందో చూపించే అంకె కదిలింది. పీకేసిన తీగ నేల మీదే పడి ఉంది. అంకె కదులుతూనే ఉంది. పన్నెండు... నలభై... రెండు వందలు... ఆమె చూస్తూ నిలబడింది. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. రేపు లక్ష్మణరావుకు చెప్పి సవరణ పంపించవచ్చు. కానీ అది చేరేదాకా, ఈ రాత్రి ఎన్ని చోట్ల లైను పట్టుకుంటుందో. ఎవరూ తెరిచి చూడరు.

దుర్గయ్యే ఆఫీసుకు తాళం వేశాడు. "ఇంటికి పో బిడ్డా. నిద్రలేక గిట్లయితుంది," అన్నాడు. ఆమె ఇంటికి పోలేదు. గొడుగు పైనే మరిచిపోయి, వానలోనే నాంపల్లి దాకా నడిచింది. ఈ రోజు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు.

మాబెల్ తలుపు తీసి అదిరిపోయింది.

"ఏమ్మా ఇవా, గింత తడిసినవ్? లోపటికి రా."

తువ్వాలు తెచ్చి ఇచ్చింది. చాయ్ పెట్టింది. ఇవాంజెలిన్ కప్పు పట్టుకుని, తల ఎత్తకుండా, డిసెంబరు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. నలభై మూడో ప్రశ్న, కాల్‌సెంటర్, పదకొండు బిజీలు, తను రాసిన జవాబు. ఆ మధ్యాహ్నం విన్నది మాత్రం చెప్పలేదు. అది చెబితే మిగతాది కూడా పిచ్చి మాటే అవుతుంది.

మాబెల్ మొహంలో కోపం లేదు. ఏదో అర్థం కానట్టు చూస్తోంది.

"పదకొండు కాదమ్మా. పన్నెండుసార్లు చేసిన."

ఇవాంజెలిన్ తల ఎత్తింది.

"పన్నెండోసారి నువ్వే కద ఎత్తినవ్? దవాఖానకు చేస్తే నువ్వెట్ల ఎత్తినవో ఆ ఘడియల నాకు తోచలే. ఆటోల పోవద్దన్నవ్, పంపిస్తున్న అన్నవ్. గేటు కాడ ఆటో అప్పటికే వచ్చి ఉండె. వద్దని పంపిచ్చేసిన. ఇరవై నిమిషాలు సూసినం. ఆయన తలుపు దిక్కే సూసుకుంట కూసున్నడు. నువ్వు చెప్పినవంటే వస్తదన్నడు. ఆఖరికి ఇంకో ఆటో పిలిసేసరికి ఆలిశమయ్యె." మాబెల్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నువ్వు బండి పంపినవ్, యాడ్నో ఆగిపోయి ఉంటదనుకున్న. నువ్వు బాధపడ్తవని ఇన్ని దినాలు అడగలే."

ఇవాంజెలిన్ కప్పు కింద పెట్టింది. బయట స్టేషన్‌లో ఏదో రైలు వస్తున్నట్టు ప్రకటిస్తున్నారు. నెత్తి మీద ఫ్యాను టకటకమని తిరుగుతోంది.

"ఒక్కటి మాత్రం అడగాలనుకున్న బిడ్డా," అంది మాబెల్ గొంతు తగ్గించి. "ఆ పొద్దు నీ పక్కపొంటి ఎవరున్నరు?"

"నా పక్కనా?"

"నీ మాట ఎనక ఇంకో మాట వినబడె. చిన్నపిల్ల... ఏడెనిమిదేండ్లు ఉంటయేమో. ఫోన్ నాకియ్యి అక్కా, మా నాయినకు దవాఖాన కలుస్తలేదు అని ఒక్క తీరుగ ఏడుస్తుండె. దాని ఎనక ఇంకెవరెవరో... శానమంది. అందరూ నీ చేతిల ఫోన్ అడుగుతున్నరు." మాబెల్ ఆమె తడి చెయ్యి మీద చెయ్యి వేసింది. "ఎవరమ్మా వాళ్ళంత?"